ఏం తిన్నావో నిజం చెప్పు మావా!

పోయినేడు సంగతి. మేం నలుగురం, రెండు బైకులు. తెల్లారకముందే గాజువాకలో బయల్దేరి, ఎస్.కోట దాటి, అనంతగిరి ఘాట్ ఎక్కాం. అరకులో కాఫీ తాగి, అక్కడి నుంచి ఇంకాస్త లోపలికి, మా కాలేజీ ఫ్రెండ్ వాళ్ల ఊరికి. మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే.

అన్నం, కోడికూర, పక్కనే ఒక గిన్నెలో బంగారు రంగులో వేగిన బొడ్డెంగులు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ఈత చెట్టు కాండంలో పెరిగే లావుపాటి తెల్ల పురుగులవి. మన్యంలో చాలామందికి ఇష్టమైన తిండి. మాకోసం ప్రత్యేకంగా తెప్పించి వేయించింది ఆ ఇంటి అమ్మ. మాలో ఒకడు వెంటనే ఫోన్ తీశాడు. రీల్ మొదలు. "ఫ్రెండ్స్, ఈరోజు మనం..." అంటూ రెండు నోట్లో వేసుకున్నాడు. బాగున్నాయని ఇంకో నాలుగు లాగించాడు.

పది నిమిషాలు గడవలేదు. పెదవులు దురద అన్నాడు. ఆ తర్వాత మెడ మీద దద్దుర్లు. చూస్తుండగానే మూతి వాచిపోయింది. మేం ముందు నవ్వాం, సిగ్గులేకుండా చెప్తున్నా. "ఏటిరా, మూతి బూరె అయిపోనాది" అన్నాడొకడు. వాడు మాట్లాడబోతే గొంతు బొంగురుపోయింది. అప్పుడు నవ్వు ఆగింది.

బైక్ మీద వాణ్ని మధ్యలో కూచోబెట్టుకుని పావుగంటలో ఆరోగ్య కేంద్రానికి చేర్చాం. ఆ ఇంటి అమ్మ కూడా ఇంకో బైక్ మీద వచ్చేసింది. నర్సు గారు చూడగానే అడిగింది, "ఏం తిన్నావు?"

మావాడు చెప్పిన సమాధానం: "అన్నం, చికెనండీ."

అంతే! కాసేపటి కిందట లోకమంతా చూడాలని కెమెరా ముందు నమిలినవాడికి, నర్సు ముందు "పురుగులు తిన్నాను" అనడానికి నోరు రాలేదు. పక్కనున్న అమ్మే చెప్పింది, "బొడ్డెంగులు తిన్నాడమ్మా. నేనే పెట్టినాను."

నర్సు గారు ఇంజెక్షన్ సిద్ధం చేస్తూ ఇంకో ప్రశ్న వేసింది. "రొయ్యలు పడతాయా నీకు?"

"చిన్నప్పట్నించీ పడవు" అన్నాడు వాడు, ఇప్పుడు రొయ్యల గొడవ ఎందుకన్నట్టు చూస్తూ.

ఈ వారం కాలమ్ మొత్తం ఆ రెండు ప్రశ్నల గురించే.

రొయ్యకీ పురుగుకీ చుట్టరికం

విశాఖ వాళ్లకి రొయ్య అంటే సీఫుడ్. ఫిషింగ్ హార్బర్‌లో తూకం వేసేది, కంటైనర్లలో విదేశాలకెళ్లేది, బిర్యానీలో నలుగురి మధ్య గొడవ పెట్టేది. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే. దాన్ని పురుగు అంటే ఎవరైనా కొడతారు. కానీ జీవశాస్త్రం పుస్తకం తెరిస్తే రొయ్య, పీత, చీమ, మిడత, బొద్దింక, ఇంట్లో దుమ్ములో బతికే కంటికి కనపడని డస్ట్ మైట్ అన్నీ ఒకే పెద్ద కుటుంబం. ఆర్థ్రోపోడా. గట్టి పెంకు, అతుకుల కాళ్లు. ఒకటి నీళ్లలో ఉండిపోయింది, ఒకటి చెట్టెక్కింది, అంతే తేడా.

వీటన్నిటి కండరాల్లో ట్రోపోమయోసిన్ అని ఒక ప్రోటీన్ ఉంటుంది. రొయ్యలు పడనివాళ్లలో ఎక్కువమంది శరీరం గొడవపడేది దీనితోనే. రొయ్యలో ఉన్నదానికీ, పురుగులో ఉన్నదానికీ పోలిక చాలా దగ్గర. ఆర్జినైన్ కైనేజ్ అనే ఇంకో ప్రోటీన్ కూడా ఇలాగే రెండు చోట్లా ఉంటుంది.

ఇది మీకు ఫోన్ భాషలో చెప్తాను. కొన్ని ఫోన్లలో ఫేస్ అన్‌లాక్ పెట్టుకుంటే అన్న ఫోన్ తమ్ముడి ముఖానికి కూడా తెరుచుకుంటుంది. అలర్జీ కూడా అలాంటిదే. ఒకప్పుడు రొయ్యని చూసి మన రోగనిరోధక వ్యవస్థ "వీడు శత్రువు" అని ముఖం సేవ్ చేసుకుంది. తర్వాతెప్పుడో అలాంటి ముఖమే ఉన్న బొడ్డెంగ లోపలికి వచ్చింది. తేడా గుర్తుపట్టలేదు. సైరన్ మోగించేసింది. హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. దురద, దద్దుర్లు, వాపు, వాంతులు వస్తాయి. మరీ ముదిరితే గొంతు మూసుకుపోవడం, బీపీ పడిపోవడం. ఆ చివరి స్థితినే అనాఫిలాక్సిస్ అంటారు. నిమిషాల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

"బాగా వేయిస్తే పోతుందిలే" అనే మాట నమ్మకండి. ట్రోపోమయోసిన్ వేడికి లొంగే రకం కాదు. ఉడికించినా, నూనెలో వేయించినా చాలావరకు అలాగే ఉంటుంది. క్రిములు చస్తాయి, అలర్జీ చావదు.

2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు రొయ్యల అలర్జీ ఉన్న 15 మందికి, డాక్టర్ల పర్యవేక్షణలో, మీల్‌వార్మ్ అనే పురుగుని తినిపించి చూశారు. 13 మందికి రియాక్షన్ వచ్చింది. ఇద్దరికి రాలేదు. అంటే రొయ్యలు పడని ప్రతి ఒక్కరికీ పురుగులు పడవని కాదు. కానీ ఇంట్లో, అడవిలో, రీల్ కోసం పరీక్షించుకోవాల్సిన విషయమైతే కాదు.

ఛీ అనకముందు ఒక్క నిమిషం

"అసలు అవి తినడం ఏంటి, ఛీ" అని ఇక్కడే ఎవరో కామెంట్ టైప్ చేస్తుంటారు. ఆగండి. మీ తాతగారి ఊరు చిత్తూరు వైపో, రాయలసీమలోనో అయితే ఫోన్ చేసి ఉసిళ్ల గురించి అడగండి. తొలకరి వాన పడ్డాక పుట్టల్లోంచి రెక్కలతో లేచే ఉసిళ్లని దీపం పెట్టి, కింద నీళ్ల పళ్లెం ఉంచి పట్టేవాళ్లు. ఆరబెట్టి, చేటలో చెరిగితే రెక్కలు పోతాయి. ఉప్పు కారం వేసి వేయించి బొరుగుల్లో కలుపుకుని తినేవాళ్లు. ఆ పేరు చెబితేనే నోరూరే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మన విశాఖ స్టేషన్లో కిరండూల్ రైలెక్కితే అరకు, కోరాపుట్ మీదుగా జగదల్‌పూర్ వెళ్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం మన ఊరికి దిగే దారి అదే. ఆ దారిలో బస్తర్ వెళ్లామంటే అక్కడ ఎర్రచీమల చట్నీ సంతలో అమ్ముతారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా ఎర్రచీమల చట్నీకైతే 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మన బందరు లడ్డూకి, తిరుపతి లడ్డూకి ఉన్న గుర్తింపే.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో 1,900కి పైగా రకాల పురుగుల్ని మనుషులు తింటున్నారని లెక్కగట్టింది. ప్రోటీన్, ఇనుము, జింక్ ఉన్న తిండి. కొండ మీద మాంసం కొనలేని ఇంట్లో ఆ గిన్నె విలువ వేరు. కాబట్టి "తినడం మానేయండి" అని చెప్పడం ఈ కాలమ్ ఉద్దేశం కాదు. చెప్పే హక్కు కూడా నాకు లేదు. రొయ్యలు చాలామందికి పడవని హార్బర్ మూసేస్తామా?

కానీ తినే చోట కూడా కొందరికి పడవన్నది నిజం. 2015లో ప్రచురితమైన లావోస్ దేశపు సర్వేలో వెయ్యి మందికి పైగా పెద్దల్ని అడిగారు. దాదాపు అందరూ పురుగులు తినేవాళ్లే. వాళ్లలో నూటికి ఏడెనిమిది మంది, తిన్నాక ఎప్పుడో ఒకప్పుడు అలర్జీ లాంటి ఇబ్బంది వచ్చిందన్నారు. చైనాలో పట్టుపురుగు ప్యూపాలు తిని అనాఫిలాక్సిస్ వరకూ వెళ్లిన కేసులు వైద్య పత్రికల్లో కనిపిస్తాయి. తరాలుగా తింటున్న చోట అలర్జీ ఉండదనేది అపోహ.

ఆ రోజు ఆరోగ్య కేంద్రం వరండాలో కూచుని ఆ అమ్మ చెప్పిన మాట ఇది. "మా ఆడపడుచుకి కూడా ఇవి పడవు బాబూ. తింటే ఒళ్లంతా దద్దుర్లు. అందుకే ఈటిని వండిన రోజు ఆమెకి వేరేగా చారు కాసేవాళ్లం. నీ ఫ్రెండుని నేను ముందే అడగాల్సింది."

చూశారా? "పడదు" అనే ఒక్క మాట. ఏ ల్యాబ్ రిపోర్టూ లేకుండా ఒక ఇల్లు ఒక మనిషిని కాపాడుకుంటూ వచ్చింది. ఆ జ్ఞానం ఇంటి గడప దాకా బాగానే పనిచేస్తుంది. సమస్యంతా గడప దాటాకే.

కొండ దిగాక ఏమవుతుంది?

ఇప్పుడు మా వాడి కథని తిరగేసి చూడండి. చిన్నప్పట్నించి చీమల చట్నీ తింటే దురద వచ్చే ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఇంట్లో "దీనికి పడవు" అని వదిలేశారు. ఆ అమ్మాయి చదువుకోసం విశాఖ హాస్టల్‌కి వచ్చింది. ఆదివారం మెస్‌లో రొయ్యల కూర. జీవితంలో ఎప్పుడూ రొయ్య తినలేదు. ఇది చేప లాంటిదే కదా అనుకుంటుంది. ఆమెకు ఎవరు చెప్పారు, ఆ చీమకీ ఈ రొయ్యకీ చుట్టరికం ఉందని?

లేదా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పనికి చేరిందనుకోండి. రోజంతా పొట్టు వలవడం, ఉడికేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చడం. అలర్జీ నోటి ద్వారానే రావాలని లేదు. రొయ్యలు, పీతలు ప్రాసెస్ చేసే కార్మికులకు చర్మం మీద దద్దుర్లు, ఆస్తమా రావడం ప్రపంచమంతటా వైద్యులు గమనించిందే. చేతులు దురద పెడితే నీళ్లు పడలేదనుకుంటారు. ఆయాసం వస్తే సిటీ గాలి అనుకుంటారు.

సరే, డాక్టర్ దగ్గరికి వెళ్లింది. "ఇంతకు ముందు ఏదైనా తింటే ఇలా అయిందా?" అని అడిగితే నిజం చెప్తుందా? "మీవాళ్లు పురుగులు తింటారంట కదా" అని క్లాసులో ఒక్కసారి నవ్వినా చాలు, ఆ అమ్మాయి ఇక జన్మలో ఆ మాట ఎత్తదు. "ఏం లేదండీ" అంటుంది. మావాడు "చికెన్" అన్నట్టే. తేడా ఏంటంటే, మావాడి పక్కన నిజం చెప్పడానికి ఒక అమ్మ ఉంది. ఆ అమ్మాయి పక్కన ఎవరుంటారు?

అందుకే వెక్కిరింపు చిన్న విషయం కాదంటాను. కేసు షీట్‌లో రాయాల్సిన ఒక ముఖ్యమైన లైన్‌ని అది చెరిపేస్తుంది.

ప్యాకెట్ ఫుడ్ సంగతి కూడా చూద్దాం. మన దేశంలో లేబుల్ మీద తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల జాబితాలో రొయ్య, పీత జాతి, చేపలు, వేరుశనగ, పాలు, గుడ్లు లాంటివి ఉన్నాయి. పురుగులు లేవు. యూరోపియన్ యూనియన్ 2021లో మీల్‌వార్మ్‌ని ఆహారంగా అనుమతించినప్పుడే ఒక షరతు పెట్టింది. రొయ్యలు, పీతలు, డస్ట్ మైట్స్ అలర్జీ ఉన్నవాళ్లకి రియాక్షన్ రావచ్చని ప్యాకెట్ మీద రాయాలని. 2024లో సింగపూర్ 16 రకాల పురుగులకి ఓకే చెప్పింది. అక్కడికి చదువుకో, ఉద్యోగానికో వెళ్లే మన పిల్లలు ప్రోటీన్ బార్ వెనక చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోవాలి. పేరు "క్రికెట్ పౌడర్" అని ఉంటే అది కోహ్లీ ఆట కాదు, కీచురాయి పిండి!

ప్రతి దురదా అలర్జీ కాదు

ఇంకో తికమక కూడా ఉంది. కానగుర్త, సూర చేపల్ని ఐస్ లేకుండా ఎండలో వదిలేస్తే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. అవి తింటే ముఖం ఎర్రబడుతుంది, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. అచ్చం అలర్జీలాగే ఉంటుంది, కానీ కాదు. అది పాడైన తిండి వల్ల వచ్చిన విషం. సరిగ్గా నిల్వ చేయని పురుగుల్లో కూడా ఇదే జరుగుతుంది. థాయ్‌లాండ్‌లో వేయించిన పురుగులు తిన్నవాళ్లకి ఇలాంటి హిస్టమిన్ విషం సోకిన సంఘటన వైద్య పత్రికల్లో నమోదైంది. వేయించినా హిస్టమిన్ పోదు.

ఎలా తెలుస్తుంది? ఒక చిన్న గుర్తు. ఒకే గిన్నెలోంచి తిన్నవాళ్లలో చాలామందికి వస్తే తిండి మీద అనుమానం. ఒక్కడికే వస్తే ఆ ఒక్కడి శరీరం మీద అనుమానం. ఆ రోజు గిన్నె ఖాళీ చేసింది నలుగురం. మూతి వాచింది ఒక్కడికే. కాకపోతే ఇది పక్కా పరీక్ష కాదు, డాక్టర్‌కి చెప్పాల్సిన సమాచారం. ఏది అయినా ఊపిరి ఇబ్బంది ఉంటే ముందు ఆస్పత్రి, తర్వాతే డిటెక్టివ్ పని.

ఆ పావుగంటలో ఏం చేయాలి?

ఒంటి మీద నాలుగు దద్దుర్లు, కాస్త దురద మాత్రమే అయితే డాక్టర్ సలహాతో సిట్రిజిన్ లాంటి మాత్రతో తగ్గొచ్చు. కానీ ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకోవడం, గొంతు మారిపోవడం, నాలుక వాపు, కళ్లు తిరగడం, ఆగని వాంతులు కనిపిస్తే మాత్ర వేసి కూచోకండి. అప్పుడు కావాల్సిన మందు ఒక్కటే, అడ్రినలిన్. తొడ బయటి వైపు కండరంలో ఇస్తారు. ఖరీదైన మందేమీ కాదు. విదేశాల్లో పెన్నులాంటి ఇంజెక్షన్ జేబులో పెట్టుకు తిరుగుతారు. మన దగ్గర అది అంత సులువుగా దొరకదు. కాబట్టి మనకి పెన్ను అంటే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రమే.

108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఊపిరి కష్టంగా ఉంటే కూచోబెట్టండి. లేపి నడిపించకండి. వేళ్లు పెట్టి కక్కించడం, మజ్జిగ తాగించడం, పసరు పోయడం వద్దు. ఇంజెక్షన్ తర్వాత తగ్గిపోయిందని వెంటనే బైకెక్కకండి. కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు. మా వాణ్ని నర్సు గారు సాయంత్రం దాకా కదలనివ్వలేదు. వాడు సెల్ఫీ అడిగితే తిట్టింది కూడా.

ఇక్కడ ఒక్క మాట చెప్పకపోతే తప్పవుతుంది. మాకు బైకులున్నాయి, తారు రోడ్డుంది, పావుగంటలో నర్సుంది. ఆ ఊరికి ఇంకా పైన, రోడ్డు లేని కొండ మీద, రోగిని డోలీలో మోసుకు దించే ఊళ్లున్నాయి. అక్కడ అదే దద్దుర్లు, అదే గొంతు వాపు వస్తే లెక్క మారిపోతుంది. బొడ్డెంగ ఒకటే. మనిషి బతికేదీ లేనిదీ నోటికీ సూదికీ మధ్య ఎంత దూరం ఉందన్నదాన్ని బట్టి. పురుగుల తిండి ప్రమాదమా అని అడిగేవాళ్లు ముందు ఆ దూరం గురించి అడగాలి. టీకాలు వేసే చోట రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ కిట్ ఉంచుతారు. ఆ మందు, దాన్ని ఇవ్వడం వచ్చిన మనిషి, ఊరికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

లాక్ స్క్రీన్ మీద ఒక లైన్

చివరిగా మీ చేతిలో ఉన్న పని ఒకటి. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అని ఉంటుంది. ఐఫోన్ అయితే హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ. అందులో అలర్జీల గడి ఉంటుంది. మీకు పడనిది అక్కడ రాయండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉన్నా ఫోన్ లాక్ తీయకుండానే ఇతరులు చూడగలిగేలా పెట్టుకోవచ్చు. రెండు నిమిషాల పని. తెలుగులో రాసినా పర్వాలేదు.

మావాడు ఆ రీల్ పోస్ట్ చేయలేదు. మొన్న మళ్లీ అరకు వెళ్లాం, ఆ ఇంటికే. గిన్నె మా ముందు పెడుతూ ఆ అమ్మ వాడి వైపు చూసి, "నీకు వేరేగా చారు కాసినాను బాబూ" అంది. వాడు ఫోన్ తీసి లాక్ స్క్రీన్ చూపించాడు. "రొయ్యలు, బొడ్డెంగులు పడవు" అని రాసుంది.

ఆమెకి చదవడం రాదు. కొడుకు చదివి వినిపించాడు. నవ్వి, "అలాగ సిగ్గుపడకుండా చెప్పుకోవాల" అంది.